మూడు మునకల పడవ

జూన్ 9

పరశురాములు వచ్చిపోయాడు. చేతిలో అరటిపళ్లు. మా క్వార్టర్ నుంచి నాలుగో క్వార్టర్ వాడిది. బొగ్గుబాయిలో ఇద్దరం ఏండ్లకేండ్లు ఒకే షిఫ్టులో చేశాం. ఎన్నడైనా నా ఇంటికి ఏమైనా తెచ్చాడా? వచ్చి నా చాయ్ తాగి పోయేవాడు. నా కాలు తీసేసినప్పటి నుంచి మాత్రం అరటిపళ్లు తెస్తున్నాడు. షుగర్‌తో కాలు పోయినవాడికి అరటిపళ్లు!

"గణపతిని పట్టుడు ఈసారి గూడ నేనే సదన్నా. నువ్వు ఫికర్ జెయ్యకు. చెరువు కట్ట మీద నీకు కుర్చీ ఏస్తం, మెడల దండ ఏస్తం. ఇజ్జత్‌గ కూసొని చూడు" అన్నాడు.

కుర్చీ వేసి దండ వేసేది ఫోటోకు. నేనింకా బతికే ఉన్నాను.

వాడు పోయాక నా భార్య గంగుబాయి గ్లాసులు తీస్తూ "మంచి మాటనే అన్నడు గదా, ఎందుకట్ల మూతి ముడుస్తవు" అంది. ఎందుకా? మా క్వార్టర్ల లైన్ గణపతి మట్టి గణపతి, అడుగు కంటే కొంచెం ఎక్కువ. లైన్‌లో గణపతిని పెట్టడం మొదలైనప్పటి నుంచి ఆయన్ను నెత్తిన పెట్టుకుని చెరువులో మెడలోతు దాకా పోయి సాగనంపేది నేను. ఇంకెవడూ కాదు. పోయినేడు నేను కరీంనగర్‌లో ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. నిమజ్జనం ఫోన్‌లో చూశాను. ఈ పరశురాములు మోకాటి లోతు దాకా పోయి, అక్కడి నుంచి విసిరేశాడు. దేవుణ్ణి! పాత చెప్పును విసిరినట్టు!

షుగర్ రీడింగులు రాసుకొమ్మని మా బిడ్డ రమ ఇచ్చిన డైరీ ఇది. ఇట్లాంటివి రాయకపోతే ఆ రీడింగులే పెరుగుతాయి.

జూన్ 10

విసిరేశాడు.

జూన్ 17

చెకప్‌కు కరీంనగర్ పోయాం. రమకు అక్కడే ఉద్యోగం. డాక్టరు కట్టుడు కాలు సంగతి ఎత్తాడు. చూద్దాం అన్నాను. ఆయన నా ముఖం చూశాడు, రమ ఆయన ముఖం చూసింది. నా ముందే సైగలు చేసుకుంటారు. పోయింది కాలు, కళ్లు కాదు.

సాయంత్రం రమ డ్యాం కట్ట మీదికి తీసుకుపోయింది. జనాన్ని తిప్పే లాంచీ నీళ్ల మీద పోతోంది. దానికి ఇవతల ఒకాయన చేతిలో రిమోట్ పట్టుకుని బొమ్మ పడవ నడిపిస్తున్నాడు. అది ఎంతో దూరం పోయి, వంపు తిరిగి, మళ్లీ ఆయన దగ్గరికే వచ్చింది. అందరూ పడవను చూస్తున్నారు. నేను ఆయన కాళ్లను చూశాను. అవి కదలలేదు. మనిషి ఒడ్డున ఉన్నాడు, పని నీళ్ల నడుమ జరుగుతోంది.

"బిడ్డా, గసొంటిది నేను జేస్త. గణపతి దాని మీదనే పోతడు" అన్నాను.

రమ నవ్వలేదు. కానీ "థర్మాకోల్ ముక్క మీద మోటర్ పెడ్తె అయిపోతది గదా బాపు" అంది.

థర్మాకోల్! టీవీ డబ్బాలో వచ్చే చెత్త మీద పోతాడా గణపతి? ఎదురుగా లాంచీ కనిపిస్తుంటే చూపించాను. అదే కావాలి. సరిగ్గా అదే, పదో వంతు. రమ వెళ్లి లాంచీ నడిపేవాణ్ణి పొడవు, వెడల్పు అడిగి వచ్చింది. నాలుగు వైపులా ఫోటోలు తీసింది. వాడు ఎందుకని అడిగితే, మా బాపు లాంచీ కడుతున్నడు అని చెప్పిందట. అందులో అబద్ధం ఏముంది?

జూన్ 29

ముందు గది పడవది. కూర్చుని చేసే పనే కాబట్టి కాలు లేదన్న మాట ఎవరూ ఎత్తలేరు. ప్లైవుడ్‌తో వెన్ను కోశాను, దానికి పక్కటెముకలు నిలబెట్టాను. వాటి మీద సన్న టేకు బద్దలు వేడినీళ్లలో నానబెట్టి, వంచి, జిగురుతో అతికిస్తున్నాను. జిగురు పట్టేదాకా బిగించి ఉంచడానికి బట్టల క్లిప్పులు వాడాను. ఇంట్లో ఉన్నవన్నీ.

"దండెం మీది చీరలు ఎగిరి పక్కింటి సత్తమ్మోళ్ల వాకిట్ల పడ్డయి. గదేం పడవనో ఏమో, నా సంసారం మునిగేటట్టున్నది" అని గంగుబాయి పొద్దంతా ఒకటే గొణుగుడు. ఇంట్లో ఒక మనిషి పని చేసుకుంటుంటే ఓర్వలేరు. ఖాళీగా కూర్చుంటేనేమో అయ్యో పాపం అంటారు.

జూలై 6

కొండల్‌ది మార్కెట్లో మోటర్లు చుట్టే దుకాణం. వాడే లారీ వైపర్ మోటర్ ఒకటి ఇచ్చాడు. పడవ వెనక సన్న ఇత్తడి గొట్టం, అందులో ఇరుసు, ఇరుసు చివర రెక్కలు. గొట్టంలో నీళ్లు ఎక్కకుండా గ్రీజు దట్టించాను. ఇంటి వెనక నీళ్ల హౌజ్‌లో దింపాను. తేలింది! ఒక్క చుక్క లోపలికి రాలేదు. స్విచ్ వేశాను. కదిలింది కానీ, దాన్ని కదలడం అనాలా వద్దా తెలియలేదు.

కొండల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "సదన్నా, నీ గణపతి వినాయక చవితికి బయలెల్తె దసరాకు చేరుతడు!"

మోటర్ ఇచ్చింది ఎవడు? వీడు కాదా? నాకు మిగిలింది ఒక్క అరికాలే. మంట నెత్తికెక్కడానికి అది చాలు. ఇక వాడి దుకాణం మెట్టు ఎక్కను.

జూలై 7

పోయాను. స్క్రూలు అయిపోయాయి.

జూలై 20

రమ తెప్పించిన మోటర్ వచ్చింది. అరచేతిలో పడుతుంది, తిరిగితే చెయ్యి కోస్తుంది. దాని వేగం తగ్గించి పెంచే చిన్న పెట్టె, రిమోట్, పడవలో పెట్టే రిసీవర్ కూడా వచ్చాయి. వైపర్ మోటర్ తీసి పక్కన పడేశాను. హౌజ్‌లో వదిలితే గోడకు కొట్టుకునేంత వేగం! లాంచీకి ఉన్నట్టే క్యాబిన్ కట్టాను. కిటికీలకు అద్దాలు, చుట్టూ తీగతో రెయిలింగ్. లైన్‌లో ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వచ్చి చూసి పోతున్నారు. పరశురాములు మాత్రం రాలేదు. రాడు.

గంగుబాయి వచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆమె పుట్టిల్లు బేల దిక్కు. మహారాష్ట్ర సరిహద్దు. గణపతి సంగతిలో ఆమె మాటకు ఎదురు ఉండదు.

"పడవ మంచిగున్నది. మూడుసార్లు ఎట్ల ముంచుతవు?"

నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టాను.

"రెండుసార్లు ముంచి లేపాలె, మూడోసారికి ఇడువాలె. గట్లనే గదా ఇన్నేండ్లు జేసినవు. ఒక్కపారి బొళుక్కున పడేస్తె నీకూ ఆ పరశురాములుకూ ఫరక్ ఏమున్నది?"

అన్నం తినకుండా పడుకున్నాను. ఆమె అన్నందుకు కాదు. ఆమె అన్నది నిజమైనందుకు.

జూలై 28

పడవ వెనక చివర చిన్న క్రేన్ లాంటిది నిలబెట్టి, దానికి తాళ్లతో పీట కట్టాను. మోటర్, రిసీవర్ తీసి పక్కన పెట్టి, పీట మీద గణపతి బరువుకు సరిపడా ఇటుకలు పెట్టి హౌజ్‌లో దింపాను. పీట వెనక్కి జారిందో లేదో పడవ మూతి ఆకాశానికి లేచింది. నిట్టనిలువుగా నిలబడి, వెనక్కి వాలి, అట్లాగే అడుక్కి పోయింది. నా కిటికీలు, నా అద్దాలు, అన్నీ.

కొండల్ ఈసారి నవ్వలేదు. "దొప్ప దిగింది సదన్నా" అని మెల్లగా అన్నాడు. నవ్వినా బాగుండేది. వాణ్ణి తిట్టి అయినా పడుకునేవాణ్ణి.

జూలై 29

మాట్లాడించిన వాళ్లను తిట్టాను.

ఆగస్టు 3

ఎంత గాడిదనో! బాయిలో నా పని ఏమిటి? హాలేజీ ఇంజన్. బొగ్గు టబ్బులను తాడు మీద కిందికి దించడం, పైకి లాగడం. ఉద్యోగమంతా అదే చేశాను. ఇప్పుడు పడవ వెనక నుంచి వేలాడదీస్తానా? బరువును నట్టనడుమ నుంచి దించాలి. పడవ మధ్యలో నలుచదరంగా ఒక బొంద. నీళ్లు లోపలికి రాకుండా దాని చుట్టూ బావి గట్టు లాగా గోడలు. పీట దాంట్లో నుంచి సక్కగా కిందికి దిగుతుంది, సక్కగా పైకి వస్తుంది. పడవ ఏ పక్కకూ వాలదు. తాడును చుట్టడానికి మోటర్ కూడా ఉంది, పక్కన పడేసిన వైపర్ మోటర్. రెక్కలకు పనికిరాని నిదానమే తాడుకు కావాలి.

కానీ నట్టనడుమ ఉన్నది క్యాబిన్. ఎండబెట్టి, మళ్లీ రంగు వేసి, అద్దాలు మార్చిన క్యాబిన్. దాన్ని తీస్తే అది లాంచీ కాదు, పదో వంతూ కాదు.

రంపం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. గంగుబాయి తలుపు దగ్గర నిలబడి "నేను అట్లనలేదు గదా, అది తీసెయ్యుమని" అంది. ఎవరూ అనలేదు. కోసేశాను.

ఆగస్టు 12

పీట దిగింది, లేచింది. దిగింది, లేచింది. మూడోసారి దిగాక ఒక పక్క తాడు జారిపోయేటట్టు కొక్కెం పెట్టాను. పీట ఒరిగి ఇటుకలు జారి అడుక్కి పోయాయి. ఇటుకలు పోతుంటే కూడా దండం పెట్టబుద్ధయింది.

ఇంత బాగా జరిగిన రోజు ఇట్లాగే ఎందుకు ముగియకూడదు? గంగుబాయి పసుపు, కుంకుమ, నిమ్మకాయ, కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. పడవకు బొట్టు పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. వద్దు అనే లోపలే మూతి మీద కాయ కొట్టింది. నీళ్లన్నీ బొందలోకి కాదు, దాని పక్కన రిసీవర్ పెట్టిన డబ్బాలోకి పోయాయి. చిటచిటమంది. పొగ వచ్చింది.

"కొత్త బండికి కొట్టమా? కొట్టకుంటె అరిష్టం గాదా?" అని నా మీదికే లేచింది.

చెరువు నీళ్లు ఒక్క చుక్క ఎక్కకూడదని జూన్ నుంచి తంటాలు పడితే, ఇంట్లో కొబ్బరినీళ్లతో ముంచింది! అరిచాను. ఆమె కూడా అరిచింది. చివరికి ఇద్దరం ఆ కొబ్బరి చిప్పలే తింటూ రమకు ఫోన్ చేశాం, ఇంకో రిసీవర్ కావాలని. రమ అంతసేపు నవ్వడం నాకు నచ్చలేదు.

ఆగస్టు 20

లైన్ వాళ్లంతా కూర్చున్నారు. నిమజ్జనం పడవతో అని చెప్పాను. పరశురాములు లేచాడు.

"ఆట బొమ్మల దేవుణ్ణి పెడ్తవా సదన్నా? రిమోట్ తోని నిమజ్జనమా? నలుగురు నవ్వరా? చేత్తోని చేసేది చేత్తోనే చెయ్యాలె."

"చేత్తోనే గదా నువ్వు ఇసిరేసింది!" అన్నాను.

వాడి ముఖం నల్లబడింది. నాకు సంతోషమే అయింది. చివరికి పెద్ద మనిషి మొండయ్య చెప్పాడు: "సదానందం పడవ పోనీయుండ్రి. నడుమల ఆగితె మాత్రం పరశురాములు పోయి చేత్తోని ఇడుస్తడు." ఆగితే! ముందే ఆగుతుందని రాసిపెట్టుకున్నారు.

ఇంటికి వస్తుంటే పరశురాములు వెనకే వచ్చాడు. నా చంక కర్రల చప్పుడుకు సరిగ్గా అడుగు వేస్తూ నడిచాడు.

"నాకు ఈత రాదు సదన్నా. మోకాటి లోతు దాటితె ఊపిరాడనట్టయితది. ఎవలకు చెప్పలె. గందుకే గట్ల ఇసిరేసిన."

ఇప్పుడా చెప్పేది? బాయిలో పాతాళం దాకా దిగిన మనిషికి చెరువంటే భయమా? సాకు. వట్టి సాకు. అయినా భయముంటే ఆసుపత్రికి ఫోన్ చేసి నన్ను ఒక్క మాట అడగొద్దా?

అడిగితే ఏం చెప్పేవాణ్ణో తెలియదు.

ఆగస్టు 27

చవితి. గణపతి వచ్చాడు. కుమ్మరి ఈసారి పొట్ట కొంచెం పెద్దగా చేశాడు. కొలిచాను. బొందలో పడతాడు, ఆనీ ఆనకుండా.

సెప్టెంబర్ 3

వాన. పడవకు ఇంకో పూత వేశాను. అవసరం లేదు. వేశాను.

సెప్టెంబర్ 7

నిన్న నిమజ్జనం.

కట్ట మీద పరశురాములు నిజంగానే కుర్చీ వేయించాడు. ప్లాస్టిక్ కుర్చీ, మీద ఎర్ర గుడ్డ. కర్రలతో నిలబడి రిమోట్ పట్టలేను. రెండు చేతులూ కావాలి, కూర్చోక తప్పదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి ఇంటి నుంచి నా స్టూల్ తెచ్చుకున్నాను. కుర్చీ పక్కనే వేసుకుని దాని మీద కూర్చున్నాను. దండ మొండయ్య మెడలో వేశారు.

హారతి ఇచ్చారు. పీట మీద గణపతిని పెట్టి, పడవను కొండల్ నీళ్లలోకి తోశాడు. పడవ మెల్లగా పోయింది. నీళ్ల మీద అల్లుకున్న గుర్రపుడెక్కకు దూరంగా, చుట్టూ తిప్పి, నేను ఇన్నేండ్లు మెడలోతున నిలబడిన చోటికి తీసుకుపోయాను. ఆ చోటు నాకు తెలుసు. అక్కడ నీళ్ల రంగు కొంచెం వేరు.

ఆపాను. మీట నొక్కాను. గణపతి తొండం దాకా, కళ్ల దాకా, కిరీటం దాకా దిగి కనపడకుండా పోయాడు. లేచాడు. కట్ట మీద జనం "గణపతి బప్పా" అని అరిచారు. మళ్లీ దింపాను. మళ్లీ లేచాడు, ఒంటి మీద నుంచి నీళ్లు కారుతూ. పడవ అటూ ఇటూ వాలలేదు. మూడోసారి దించి కొక్కెం వదిలాను. తాడు చేతిలో లేకపోయినా బరువు పోవడం చేతికి తెలిసింది.

ఎవరూ విసరలేదు. ఎవడి కుర్చీలోనూ కూర్చోలేదు. నేనే సాగనంపాను. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు, అట్లాగే పడవను వెనక్కి తెచ్చాను. జనం ఒకటే చప్పట్లు. పరశురాములు కూడా కొట్టాడు, గట్టిగానే. గంగుబాయి ఒడ్డుకు వంగి పడవలో నుంచి పీట విప్పి తీసుకుంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"మట్టేది?"

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. గణపతిని వదిలాక అడుగు నుంచి పిడికెడు మట్టి తీసి పీట మీద పెట్టి ఇంటికి తేవాలి. పీట ఉత్తగా రావద్దు. ఆ మట్టిని గంగుబాయి బియ్యం డబ్బాలో పెడుతుంది. ఏటా తెచ్చింది నేనే. కానీ తెస్తున్నానని ఎన్నడూ అనుకోలేదు. నీళ్లలో ఉండేవాణ్ణి, కాళ్ల కింద మట్టి ఉండేది, ఒక్క మునక వేస్తే చెయ్యి దానంతట అదే తీసేది. జూన్ నుంచి ఇరుసు, రెక్కలు, తాడు, కొక్కెం, అన్నీ ఆలోచించాను. దించడం గురించే ఆలోచించాను. తేవడం గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇంత తెలివి, ఇంత రంపం, ఇన్ని తిట్లు, మట్టి మరిచిపోయాను!

"ఫికర్ ఎందుకు వదినా, ఒడ్డుకే దొర్కుతది. నేను తెస్త తియ్యి" అని పరశురాములు ప్యాంటు పైకి మడుస్తున్నాడు.

"ముట్టినవంటె మర్యాద దక్కదు!" అని అరిచాను. చెరువు అవతలి గట్టుకు వినిపించి ఉంటుంది. వాడు ఒక కాలు మడిచి అట్లాగే ఆగిపోయాడు. నేను రిమోట్ వాడి చేతిలో పెట్టాను. "ఇది పట్టుకో. తడవనియ్యకు. ఏదీ నొక్కకు."

స్టూల్ మీద నుంచి నేల మీదికి దిగాను. ఎవరో పట్టుకోబోతే చెయ్యి విదిలించాను. చేతులు వెనక్కి ఆనించి, కూర్చున్నచోటు నుంచే జరుగుతూ, జారుతూ నీళ్లలోకి పోయాను. కొత్త లుంగీ, కొత్త అంగీ, అన్నీ. నడుము దాకా వచ్చాయి నీళ్లు. చల్లగా ఉన్నాయి. మొండి కాలు మట్టిలో దిగింది, కుడి కాలు కూడా దిగింది. మట్టికి రెండూ ఒకటే. వంగి చెయ్యి ముంచి తీశాను. ఒక పిడికిలి కాదు, రెండు చేతులా.

తల ఎత్తేసరికి నా పడవ ఎగురుకుంటూ పోతోంది, నేరుగా గుర్రపుడెక్కలోకి!

"నొక్కద్దన్న గదరా!"

"నొక్కలేదు సదన్నా, జర ఏలు తాకింది!"

"ఎడమకు! ఎడమకు తిప్పు! నీ ఎడమ గాదురా, పడవ ఎడమ!"

"గది ఎటు మోకముంటె గటే గదా పోతది!"

జనం పడీపడీ నవ్వుతున్నారు. కొండల్ ఒడ్డున గంతులేస్తున్నాడు. నేను నీళ్లలో కూర్చుని, రెండు చేతుల్లో మట్టితో, నోటికి వచ్చినట్టు తిడుతున్నాను. పీట పట్టుకుని గంగుబాయి నా పక్కన నీళ్లలోకి వచ్చి వంగింది.

"లుంగి సర్దుకో. అందరు చూస్తున్నరు" అంది మెల్లగా.

చూశాను. లుంగీ నీళ్ల మీద తేలుతోంది. మట్టిలో నుంచి లేచిన మొండి కాలు మొత్తం నీళ్ల పైకి తేలి ఉంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి దాన్ని గంగుబాయికి కూడా చూపించలేదు. తలుపు వేసుకుని నేనే కట్టు మార్చుకునేవాణ్ణి, నేనే నూనె రాసుకునేవాణ్ణి. ఇప్పుడు కట్ట మీద లైన్‌కు లైన్ ఉంది.

"చేతులు ఖాళీ లెవ్వు, కనవడ్తలేదా? నువ్వే సర్దు" అన్నాను.

సర్దింది. తర్వాత పీట ముందుకు పట్టింది, దాని మీద మట్టి పెట్టాను. ఆ పరశురాములు ఇంకా పడవను గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు, వాడికి జన్మలో రాదు.